పోలినాయుడి కాల్లో పూసలు

"డాట్రు బాబోవ్! నా కాల్లో పూసలేవి? ఎవుడు కాజేసినాడు?"

కేక బస్టాండు మలుపు నుంచే వినబడింది. సాలూరులో పట్నాయక్ గారి ఎముకల ఆసుపత్రి ఉన్న వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది. లోపల డాక్టరు హేమంత్ ముఖం పాలిపోయింది. పట్నాయక్ గారి దగ్గర పని నేర్చుకుంటున్న అతను సొంతంగా చేసిన మొదటి ఆపరేషను ఈ పోలినాయుడిదే.

ఆ పూసల సంగతి మీకు చెప్పాలి, భలేగా ఉంటుంది. మూడేళ్ల కిందట లారీ పల్టీ కొట్టి పోలినాయుడి మోకాలి కింద ఎముక విరిగింది, లోపల చీము పట్టింది. ఎముకలోకి చీము దిగితే మింగిన మందు అక్కడిదాకా సరిగా చేరదట. అందుకని పాడైన ఎముక గీకేసి, ఆ గుంటలో మందు కలిపిన పూసలు పెడతారు. పాతరకానివి సిమెంటు పూసలు, మందు అయ్యాక మళ్లీ కోసి తీయాలి. కొత్తవి ఒకరకం సుద్దపిండివి. ఉన్నచోటే మందు వదులుతూ, వదులుతూ, కరిగి ఒంట్లో కలిసిపోతాయి. తీసే పనే లేదు!

హేమంత్ పెట్టినవి కొత్తవి. పోలినాయుడి బావమరిదికి ఎప్పుడో పాతవి పెట్టి, తీసి, సీసాలో వేసి చేతికిచ్చారు. ఆయన ఆ సీసా టీవీ పక్కన పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. ఇక చూడండి.

పోలినాయుడు కొత్త ఎక్స్‌రే ఊపుకుంటూ లోపలికొచ్చాడు. వెనకే భార్య సన్యాసమ్మ.

"అప్పుడు ఫొటోలో తెల్లగా దండనాగున్నాయి. ఇప్పుడొక్కటీ నేదు. మా బావమరిదికి సీసాడిచ్చినారు. నావేవి?"

"కరిగిపోతాయని చెప్పాను కదండీ!" అన్నాడు హేమంత్.

"ఇంగిలీసులో ఏటో సెప్పినారు. బాగోదని తలూపినాను."

"మత్తులో ఉండగా తీసి ఇంకెవుడికో పెట్టేసుంటాడు" అన్నారు గేటు దగ్గర ఎవరో.

ఆ మాట ఊళ్లో పాకితే ఇక తన కత్తి కింద ఎవరు పడుకుంటారు? హేమంత్ పరుగున వెళ్లి పాత ఫిల్ము వెతికి తెచ్చాడు.

"సార్, మీరొక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటారు" అన్నాడు, లోపలి గదిలోంచి వచ్చిన పట్నాయక్ గారితో.

పట్నాయక్ గారు కొత్త ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశారు. గుంట ఉన్నచోట కొత్త ఎముక పెరిగి పూడుకుంది. వెనక వరండాలోకి వెళ్లి నేలమీద అడ్డాకు విస్తళ్లు వేయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం రోగులతోపాటు ఆయనా అక్కడే తింటారు.

"పోలినాయుడూ, ఎండనపడి వచ్చావు, ముందు భోంచెయ్యి. సన్యాసమ్మా, నువ్వూ రా."

"తింటాను గానీ నా పూసల సంగతి తేలాల" అంటూ పోలినాయుడు గొణుక్కుంటూనే వచ్చి, విస్తరి ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. అన్నంలో పప్పు కలిపాడు.

సన్యాసమ్మ నిలబడిపోయింది.

"మావా."

"ఏటే?"

"కాలు సూసుకో."

మూడేళ్లుగా ఆయన తిండి మంచం అంచున, కాలు చాపుకునే. ఆపరేషనయ్యాక కూడా భయంకొద్దీ అంతే.

పోలినాయుడు మడిచిన కాలి వంక చూశాడు. ఎడంచేత్తో నొక్కి చూశాడు. ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

హేమంత్ పాత ఫిల్ము పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.

"సార్, మరి పూసలు నేను తీసెయ్యలేదని వీళ్లకి తెలియొద్దా?" అన్నాడు మెల్లగా.

"పప్పు చల్లారిపోతుంది" అన్నారు పట్నాయక్ గారు, ఇంకో ఆకు పరుస్తూ.

హేమంత్ ఫిల్ము కిటికీలో పెట్టేసి, చేతులు కడుక్కొచ్చి, పోలినాయుడి పక్కన కూర్చున్నాడు. సన్యాసమ్మ కళ్లు తుడుచుకుని ఆ పక్కన కూర్చుంది. చివరగా పెద్దాయన కూర్చున్నారు. అందరూ తినసాగారు.