జాడీలో గిగో

ఎప్పటి మాటో తెలియదు, ఏ దొర కాలమో తెలియదు. జార్జియా కొండల్లో ఓ ఊరి కథ. నేను విన్నట్టే చెబుతాను, వినండి.

ఆ ఊళ్లో ద్రాక్షసారాను నేలలో మూతిదాకా పాతిన మట్టి జాడీల్లో పులియబెట్టేవాళ్లు. ఒక్కో జాడీలో మనిషి నిలువునా పడతాడు. ఖాళీ అయ్యాక లోపలికి దిగి కడగాలి. లోపలి పులిసిన గాలి ఎప్పుడు ఊపిరి తీసేస్తుందో తెలియదు. అందుకే కడిగేవాడు పాడుతూనే ఉండాలి. పాట తడబడితే పైవాళ్లు లాగేయాలి.

గిగో అనే బక్క రైతు దొరగారి జాడీలు కడిగేవాడు. కూలి లేదు, వెట్టి. అతని నడుముకి కట్టిన తాడు పైన పట్టుకునేది పెళ్లాం తెబ్రో. ఆవిడకి ఆ పాటే ప్రాణం.

ఒకరోజు దొరింట్లో విందు. మొదటి జాడీలో గిగో పాడాడు. "ఏమిట్రా ఆ గోల?" అన్నాడు దొర వసారాలోంచి. రెండో జాడీలో మెల్లగా పాడాడు. "మళ్లీనా?" అని అరిచాడు దొర. మూడో జాడీ దగ్గరికి తనే వచ్చాడు.

"ఇంకొక్క కూత వినిపించిందంటే మీ గుడిసె పీకించేస్తాను!"

"పాడకపోతే ఆయన బతికున్నాడని నాకెలా తెలుస్తుంది దొరా?" అంది తెబ్రో. దొర అప్పటికే వెనక్కి తిరిగాడు.

గిగో నవ్వాడు. "ఏడవకే పిచ్చిదానా. తాడు కదుపుతుంటాలే. కదిలితే ఉన్నట్టు."

దిగాడు. తాడు కదిలింది. తెబ్రో ఊపిరి పీల్చుకుంది. మళ్లీ కదిలింది, గట్టిగా. ఉన్నాడనుకుంది. మూడోసారి ఆవిడ అరచేతులు చీరుకుపోయేలా గుంజాడు. ఎంత హుషారుగా ఉన్నాడో అని సంబరపడింది, పిచ్చితల్లి! లాగమని అడుగుతున్నాడని తెలియలేదు. లాగమనడానికి వాళ్లు గుర్తే పెట్టుకోలేదు.

ఆ తర్వాత తాడు కదల్లేదు. ఆవిడ కేకకి కూలీలు పరిగెత్తుకొచ్చి లాగారు. శవం వచ్చింది.

దొర వచ్చి చూశాడు. ఏమన్నాడో తెలుసా? నాకు చెప్పడానికే నోరు రావడం లేదు. "జాడీ కడగడం అయిందా?" అన్నాడు.

మర్నాటి నుంచి ఒక్కరూ ఆ జాడీల్లోకి దిగలేదు. కొరడాతో కొట్టించినా దిగలేదు. దొర తోటలో ద్రాక్షలు తీగల మీదే కుళ్లిపోయాయి. చివరికి దొరే వచ్చి, "పాడుకోండి, ఎంత గట్టిగానైనా పాడుకోండి" అన్నాడు.

ఇప్పటికీ అక్కడ జాడీలోకి ఎవరు దిగినా, పైవాళ్లు మాటిమాటికీ వంగి "గిగో, ఉన్నావా?" అని అడుగుతారు. లోపలున్నవాడి పేరేదైనా సరే, "ఉన్నా" అని పలుకుతాడు. పలకలేదా, రెండోసారి పిలవరు. లాగేస్తారు.