రేగుకొమ్మ మోసిన రాజు

మా కూర్మయ్య గురువుగారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకుతోటల్లో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళకు ఆయనే గురువు. భజన మందిరం పెత్తనం కోసం పినతండ్రి కొడుకుతో తగవు పడుతున్న గంగులు ఒకనాడు ఆయన దగ్గరకు వచ్చాడు.

"తోట దొర నా పక్కన నిలబడతానన్నాడు గురువుగారూ. పనయ్యాక దొర దారిన దొర పోతాడు గదండీ. పిలిస్తే తప్పేటండి?"

గురువుగారు తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. నది అవతల జులూల దేశంలో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

అక్కడ రాజు పోయాడు. గద్దె కోసం ఇద్దరు సవతి అన్నదమ్ములు బల్లేలు పట్టారు. వారిలో చిన్నవాడు బెకిజ్వె. ఓడిపోయేలా ఉన్నాడు గనుక బోయర్లనే తెల్ల రైతులను సాయం పిలిచాడు. వాళ్ళు తుపాకులతో వచ్చారు. ఒక్క పూటలో అన్న సేన తుడిచిపెట్టుకుపోయింది. బెకిజ్వె రాజయ్యాడు. చేసిన సాయానికి వాళ్ళు నేల అడిగారు. జులూ రాజు నేలను మేతకు ఇస్తాడు, అమ్మడం ఎరగడు. ఇతడూ మేతకే ఇచ్చాననుకున్నాడు, వెర్రిబాగులవాడు. వాళ్ళు గుర్రం నడిచినంత మేరా హద్దురాళ్ళు పాతుకుని, దారికి గేటు పెట్టుకున్నారు. యుద్ధం జరిగిన మైదానం కూడా అందులోనే పోయింది.

ఆ మైదానంలోనే బెకిజ్వె తోడబుట్టిన తమ్ముడు, అతడి కోసం పోరాడి చచ్చాడు. "నా బిడ్డను ఇంటికి తీసుకురా" అని తల్లి ఏడ్చింది. దానికి జులూలకొక ఆచారం ఉంది. చచ్చినచోటికి రేగుకొమ్మ పట్టుకెళ్ళి, పేరుపెట్టి పిలిచి, ఆ కొమ్మ మీద ఆత్మను ఇంటికి తెచ్చుకోవాలి. దారి పొడుగునా చచ్చినవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. మాట్లాడితే ఆత్మ అక్కడే దిగిపోతుంది.

రాజు ఒంటరిగా వెళ్ళి తమ్ముణ్ణి పిలిచాడు. కొమ్మ భుజాన పెట్టుకుని, చిన్ననాటి కబుర్లు వాడికి చెప్పుకుంటూ వెనక్కి నడిచాడు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఎవరూ లేరు. వచ్చేటప్పుడు ఒక బోయరు అడ్డం నిలబడ్డాడు.

"ఎవడివి నువ్వు? ఎవరినడిగి నా పొలంలో అడుగుపెట్టావు?"

రాజు కొమ్మ చూపించాడు. బోయరుకు అర్థం కాలేదు. తుపాకి ఎత్తి గుండెకు గురిపెట్టాడు.

ప్రాణభయమో, రోషమో గాని రాజు నోరు తెరిచాడు. "ఈ దేశానికి రాజును."

బోయరు వెంటనే టోపీ తీశాడు. తానే గేటు తెరిచి పట్టుకున్నాడు.

ఇంటి ముందు తల్లి ఎదురుచూస్తోంది. కొడుకు ముఖం చూసి, "దారిలో ఎవరితోనైనా మాట్లాడావా?" అని అడిగింది. అతడు తల దించుకున్నాడు. ఆమె కొమ్మ అందుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తల్లి బాధ గంగులుకు తగిలినట్టే ఉంది.

"మళ్ళీ వెళ్ళి పిలుచుకు రావచ్చు గదండీ?"

"వెళ్ళొచ్చు నాయనా" అన్నారు గురువుగారు. "గేటు దగ్గర మళ్ళీ అడుగుతారు."