గుమ్మడికాయలకు హారతి

ఒకానొక కొండల రాజ్యాన్ని ప్రతాపశేఖరుడనే రాజు ఏలేవాడు. ఆయన విహారయాత్రకు కదిలితే లేచిన దుమ్ముకు పొరుగు రాజ్యంలో వారం దాకా పొద్దు పొడిచేది కాదు.

ఏటా కార్తీకంలో వేయిధారల జలపాతానికి వెళ్ళేవాడు. పేరు మోసిన చోటు మరి. ముందు భేరీలు, వెనక ఏనుగులు, ఒడ్డునిండా జనం. రాజు తనంతట తాను తెర తీసేదాకా పల్లకీలోకి ఎవరూ తొంగిచూడకూడదని ఆ వంశపు ఆచారం. లోపల కూర్చుని పొగడ్తలన్నీ విని ఆయన తెర తీసేసరికి చీకటి పడేది.

యాత్రల్లో విడిది ఏర్పాట్లు చూసే కొమ్మనకు ఇది చూస్తే ప్రాణం ఉసూరుమనేది. కొమ్మన సామాన్యుడా? ఏ కొండమీద వాన కురిసిందో వాగునీటి వాసన చూసి చెప్పేవాడు. అతని మీసం ఒక కొస సభలో ఉంటే రెండోది వసారాలో ఉండేది. ఆ ఏడు ధైర్యం చేసి, గువ్వలవాగు చూడమని మనవి చేసుకున్నాడు.

రాజు ముఖం చిట్లించాడు. "పేరూ ఊరూ లేని వాగుకు నేను రావడమేమిటోయ్? సరే, చూపించు. జలపాతాన్ని మించి లేకపోతే నిండుసభలో నీ మీసాలు గొరిగిస్తాను."

కొమ్మన లెక్కలు వేసుకున్నాడు. పరివారమంతా వస్తే ఆ వాగులో నీళ్ళకన్నా జనమే ఎక్కువ. మీసం దక్కాలంటే రాజు ఒంటరిగా రావాలి.

జలపాతానికీ వాగుకూ దారి చీలే చోట రాజు మజ్జిగ తాగడానికి డేరాలోకి వెళ్ళాడు. కొమ్మన వంటబండి నుంచి ఏనుగుపిల్లలంత గుమ్మడికాయలు తెచ్చి పల్లకీలో పెట్టి, తెర దించి, బోయీలకు సైగ చేశాడు. ఎవరూ తొంగిచూడలేదు. భేరీలు మోగించుకుంటూ అందరూ జలపాతం వైపు కొండ మలుపు తిరిగిపోయారు.

బయటికొచ్చిన రాజు పల్లకీ ఏదని గర్జించాడు. సాయంత్రానికి తిరిగొస్తుందనీ, వాగు ఈ పక్కనేననీ కొమ్మన చేతులు కట్టుకుని చెప్పాడు. చేసేదిలేక రాజు తిట్టుకుంటూ నడిచాడు.

నల్లటి బండలమీద వాగు పలచగా జారుతోంది. గువ్వలు ఆయన్ని లెక్కచేయకుండా దిగి నీళ్ళు తాగుతున్నాయి. రాజు చెప్పులు విడిచి, ఒక బండమీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టాడు. చిట్టిచేపలు వేళ్ళను కొరికాయి. తిట్లు ఎప్పుడు ఆగాయో ఆయనకే తెలియదు. పొద్దువాలేదాకా ఆ బండ దిగలేదు.

వాళ్ళు డేరాకు చేరేసరికి పల్లకీ తిరిగొచ్చింది. పల్లకీ వెంట సేనను నడిపిన దళవాయి, రాజు అందులోంచి దిగడం తానే చూసుకోలేదనుకుని, ఉరికివచ్చి దండం పెట్టాడు.

"ఈసారి వైభవమే వైభవం ప్రభూ. తెర చాటున తమరి తేజస్సు చూసి జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తమరు కూడా ఎవర్నీ కసరలేదు."

రాజు కొమ్మన వైపు తిరిగాడు. "లోపల ఎవర్ని పెట్టావురా?"

"గుమ్మడికాయల్ని ప్రభూ."

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. కొమ్మన మాత్రం తొణకలేదు.

"తమరు ఎక్కడికి వెళ్ళినా జనానికి తమరే వింత. ఇక వింతలు చూసే తీరిక తమరికేదీ? అందుకే దండాలు పుచ్చుకునే పని కాయలకు అప్పజెప్పి, చూసే పని తమరికి ఉంచాను."

రాజు తన తడి కాళ్ళకేసి చూసుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వుకు కొండమీది ఉసిరికాయలన్నీ రాలిపోయాయి. వాగే గెలిచిందని ఒప్పుకుని, మెడలోని ముత్యాలహారం తీసి కొమ్మన మెడలో వేశాడు.

ఆ తర్వాత ఏటా పల్లకీ భేరీలతో జలపాతానికి వెళ్ళేది. రాజు కొమ్మన వెంట, ఎవరూ పేరెత్తని చోటుకు కాలినడకన వెళ్ళేవాడు. గుమ్మడికాయల్ని మాత్రం తన హోదాకు తగ్గట్టు స్వయంగా తానే ఏరేవాడు.