పటంలో చాట పట్టినామె

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందట అని అడగకండి, నాకూ తెలియదు. ఈ కథలో నాకు తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి.

ఓదేలు అని ఒక నకాషీ ఉండేవాడు. చింతగింజల గంజి పట్టించి గుడ్డను గట్టి చేసేవాడు, తెల్ల సుద్ద పూసేవాడు, దాని మీద కథంతా బొమ్మలు రాసేవాడు. కథకులు ఆ పటాన్ని ఊరూరా విప్పి, కర్రతో ఒక్కో బొమ్మనూ చూపిస్తూ పాడేవారు. పాడినవాడి పేరు ఊళ్ళన్నీ ఎరుగును. రాసినవాడి పేరు ఎవడికి కావాలి?

బాలకిష్టి అనే కథకుడి కోసం ఓదేలు మూడు నెలలు కూర్చుని పటం రాశాడు. బాలకిష్టి వచ్చి విప్పి చూశాడు. రాజు ఉన్నాడు, రాణి ఉంది, గుర్రాలున్నాయి. ఒక మూలన చాట పట్టుకుని ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది.

"గీమె ఎవలు ఓదన్నా?"

"నా చెయ్యి రాసింది. నాకెర్కలేదు."

"కథల లేని మనిషి పటంల ఎందుకు? జనం అడిగితే నేనేం చెప్పాలె? తుడిచెయ్యి."

ఓదేలు సుద్ద పూసి, ఆమె ఉన్నచోట చెట్టు రాశాడు. వారానికి బాలకిష్టి వచ్చాడు. చెట్టు ఉంది. చెట్టు పక్కన చాట పట్టినామె ఉంది.

"గీమె ఎవలు ఓదన్నా?"

"నా చెయ్యి రాసింది. నాకెర్కలేదు."

మళ్ళీ తుడిచి ఏనుగును రాశాడు. మూడోసారి వచ్చేసరికి ఏనుగు వెనక ఆమే. పైగా ఈసారి ఆమెకు కళ్ళు కూడా ఉన్నాయి. నకాషీల ఇళ్ళలో కళ్ళు అన్నిటికన్నా ఆఖరున, పూజ చేసి రాస్తారు. కళ్ళు తెరిచాక బొమ్మకు ప్రాణం వచ్చినట్టే.

బాలకిష్టికి ఒళ్ళు మండింది. "తుడవకుంటే నీ గడప తొక్క. నీతోని పటం రాయించుకోవద్దని మావోళ్ళందరికి చెప్త!"

ఓదేలుకు వేరే పని రాదు. కుంచె సుద్దలో ముంచాడు. ఆమె ముఖం దాకా తెచ్చి ఆగిపోయాడు. భార్య గౌరవ్వ వైపు చూశాడు. ఆమెకు మాత్రం ఏం తోస్తుంది?

"ఎవలో తెల్వదు, ఎందుకొచ్చిందో తెల్వదు. కానీ కండ్లు తెరిచిన మనిషిని ఎట్ల తుడవాలె కిష్టన్నా? నువ్వే తుడువు," అన్నాడు ఓదేలు, కుంచె అతనికి చాపుతూ.

బాలకిష్టి కుంచె తీసుకున్నాడు. పటంలో ఆమె అతన్నే చూస్తోంది. అతని చెయ్యీ ఆడలేదు. కుంచె పారేసి, గొణుక్కుంటూ పటం చుట్టుకుని పోయాడు.

మొదటి ఊళ్ళో భయపడ్డంతా అయింది. ఒక ముసలమ్మ లేచి, "ఆ చాట పట్టినామె ఎవలు?" అంది. డప్పు ఆగిపోయింది. ఏం చెప్పాలో తోచక బాలకిష్టి ఎదురడిగాడు. "నువ్వే చెప్పవ్వా, ఎవలి లెక్కున్నది?"

ముసలమ్మ పటం దగ్గరికి వచ్చి చూసింది. "మా చెల్లె లెక్కున్నది. కాన్పుల పోయింది. దాని పేరు ఎవలూ ఎత్తరు. ముత్తవ్వ."

బాలకిష్టి ముత్తవ్వ పేరు కథలో కలిపి పాడాడు. ముసలమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. రెండో ఊళ్ళో ఎవరో తమ బిడ్డ అన్నారు. మూడో ఊళ్ళో ఒకడు, "మా తాత" అన్నాడు. చాట పట్టిన ఆడమనిషి తాత ఎట్లా అవుతాడు? బాలకిష్టికి తల తిరిగింది. అయినా పాడాడు.

ఈ వింత ఓదేలుకు చెప్పాలని, తొక్కనన్న గడపకే పరుగున వచ్చాడు. గౌరవ్వ ఒక్కతే ఉంది.

"మీ అన్న కాలం జేసి రెండు వారాలాయె. పటం పనికొచ్చిందా అని పోయే దినం దాక అడిగిండు."

బాలకిష్టి వాకిట్లో పటం విప్పాడు.

"గీమె ఎవలు వదినా?"

పెనిమిటి పేరు ఏనాడూ నోట పలకని మనిషి గౌరవ్వ. ఆ రోజు పలికింది.

"ఓదేలు."

అందుకే ఇప్పటికీ పటంలో ఒక మూలన కథలో లేని మనిషిని రాస్తారు. కథకుడు అక్కడ కర్ర ఆపి ఎవరని అడుగుతాడు. జనం తమ తమ పోయినవాళ్ళ పేర్లు చెబుతారు. అందరూ చెప్పాక ఆఖరి పేరు కథకుడే చెబుతాడు. ఓదేలు, అని.

ఆడమనిషికి ఓదేలు పేరేమిటని పిల్లలు అడుగుతారు. అడగాల్సిందే. నేనూ అడిగాను. మా తాత తెలియదన్నాడు.