వద్దంటే ఆగే మరమనిషి

కోనగిరి రాజు కేసరిభూపాలుడికి కొత్త వింత కంటబడితే పాతవాటి మీద మోజు ఇట్టే పోయేది.

ఒకనాడు త్రిలోచనశాస్త్రి అనే యంత్రాల పండితుడు ఇత్తడి మరమనిషిని కొలువుకు నడిపించుకొచ్చాడు. చెవిలో నియమాలు చెబితే అది తు.చ. తప్పకుండా పాటిస్తుందట. అలిసిపోదు, జీతమడగదు, వంటింట్లో గారెలు నొక్కెయ్యదు. ఆ చివరి మాట అంటున్నప్పుడు శాస్త్రి, విందుల పెత్తనం చూసే ఓబన్న వైపు తిరిగి మరీ నవ్వాడు.

రాజు ముచ్చటపడిపోయాడు. త్వరలో వియ్యాలవారు విందుకు రానున్నారు. ఆ పూట మరమనిషే వడ్డించాలనీ, ఓబన్నా అతని వడ్డనవాళ్లూ ఇక ఇళ్లకు పోవచ్చనీ అక్కడికక్కడే అనేశాడు.

ఓబన్న తన మనుషుల వైపు చూశాడు. తనొక్కడైతే ఎలాగో బతికేస్తాడు. తనను నమ్ముకున్న వడ్డనవాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలుగుతుంది? అయినా మొహం మీద ఏమీ కనబడనివ్వలేదు. ఆ నియమాలేమిటో వినాలనుందని వినయంగా అడిగాడు.

"ఆకు ఖాళీగా ఉంటే వడ్డించు, వద్దంటే ఆగు. అంతే. ఈపాటిదానికి నీకు ఇంతమంది మనుషులెందుకోయ్?" అన్నాడు శాస్త్రి.

రెండో నియమం వినగానే ఓబన్నకు ప్రాణం లేచొచ్చింది. ముందుగా శాస్త్రిగారికే వడ్డించి చూద్దామన్నాడు. చేసినవాడికే ఆ మర తృప్తిగా వడ్డించగలిగితే, తన గరిటె ఆయన కాళ్ల దగ్గర పెట్టి ఊరు విడిచిపోతానన్నాడు.

రాజుగారి ఎదుటే అరిటాకు వేశారు. శాస్త్రి పొద్దుటినుంచీ మర కీళ్లకు నూనె పట్టిస్తూ మంచినీళ్లు కూడా ముట్టలేదు. మర ముద్దపప్పు తెచ్చింది. అంతలో ఓబన్న రాజుతో, అందరికీ వినబడేట్టు, మెల్లగా అన్నాడు.

"పాపం, శాస్త్రిగారు బాగా ఆకలి మీదున్నట్టున్నారు ప్రభూ."

ఆకలేస్తే వేసిందని చెప్పడంలో సిగ్గేముంది? కానీ డాంబికం మనిషిని అన్నం కూడా తిననివ్వదు.

"ఆకలా? నాకా? అబ్బే, వద్దు వద్దు" అన్నాడు శాస్త్రి.

మర ఆగింది. పప్పు వెనక్కి పోయింది.

గారెలొచ్చాయి. మొహమాటపడవద్దని రాజు స్వయంగా చెప్పాడు. అంత మాట రాజు నోట వచ్చాక, మర్యాదస్తుడు ఒక్కసారైనా కాదనకుండా ఎలా ఉంటాడు? శాస్త్రి వద్దన్నాడు. గారెలూ పోయాయి. ఆయన కళ్లు మాత్రం వాటి వెంట వంటింటి గుమ్మం దాకా వెళ్లొచ్చాయి.

సభలో కిసుక్కుమన్నారు. శాస్త్రి ఉక్రోషంతో మర చెవి దగ్గరకు లాక్కుని, వద్దంటే ఆగకుండా ఇంకా వెయ్యమని నియమం మార్చి చెప్పాడు.

ఇక చూడాలి. వద్దంటే గారెలు, వద్దంటే బొబ్బట్లు. శాస్త్రి మీసం దువ్వుతూ తిన్నాడు. కాసేపటికి కడుపు నిండి నడికట్టు బిగిసింది. పాయసం రాగానే రెండు చేతులూ ఆకుకు అడ్డం పెట్టి, నిజంగానే వద్దన్నాడు.

మర ఆ చేతుల మీదే పోసింది.

వద్దు మొర్రో అన్నకొద్దీ పోసింది. రాజు ముందు విస్తరి వదిలి లేస్తే అమర్యాద, కూర్చుంటే పాయసం. చివరికి ఓబన్నే వెళ్లి మర చేతిలోంచి గుండిగ లాక్కున్నాడు.

రాజు నవ్వు ఆపుకుంటూ, మరి నీ మనుషులకు ఏ వద్దు ఏదో ఎలా తెలుస్తుందని అడిగాడు.

"చెయ్యి ఆకు మీద పెట్టి వద్దంటే ఆగుతాం ప్రభూ. కళ్లు గరిటె మీద పెట్టి వద్దంటే వేస్తాం."

సభ గొల్లుమంది. వియ్యాలవారికి ఓబన్న మనుషులే వడ్డించాలని రాజు ఆజ్ఞ ఇచ్చాడు. మరను కరిగించి బిందెలు చేయించమన్నాడు. శాస్త్రి మొహం పాలిపోయింది.

ఓబన్న అడ్డుపడ్డాడు. దాన్ని రుబ్బురోలు దగ్గర పెట్టించమన్నాడు. పండగొస్తే అక్కడి ఆడవాళ్ల చేతులు బొబ్బలెక్కుతున్నాయన్నాడు.

"పిండికి మొహమాటం ఉండదు ప్రభూ."

రాజు పడీపడీ నవ్వి, చేతి కంకణం తీసి అతనికి చాపాడు.

"అబ్బే, ఎందుకు ప్రభూ, వద్దు" అన్నాడు ఓబన్న.

రాజు అతని మొహంలోకి తొంగి చూశాడు.

"కళ్లు కంకణం మీదే ఉన్నాయిలే" అని చెయ్యి లాక్కుని తొడిగేశాడు.