చీజు పుల్లలు, రెండో వాయి

ప్రశ్న అడిగిన శిష్యురాలికి భ్రమరాంబ గారు తిన్నగా జవాబు చెప్పడం నేను ఎన్నడూ చూడలేదు. ఏదో ఒక పని చెబుతారు. ఆవిడ విజయనగరంలో మా పక్క వాటాలో ఉంటూ ఎందరికో గాత్రం నేర్పారు. పాఠాల వేళకు నేను కాఫీ నెపంతో వారి వంటింటి ఎదుటి వసారాలో చేరేవాణ్ణి. కాబట్టి ఇది కళ్ళారా చూసినదే.

ఆవిడ శిష్యుల్లో సువర్చల మంచి గొంతున్న పిల్ల. పిల్ల అంటున్నాను గాని, అప్పటికే బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగస్థురాలు. ఊళ్ళోని సంగీత సభ వారు ఆమెను కచేరీకి పిలవడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ ఇంకొంచెం సాధన చేసి వస్తానని తప్పుకుంది. ఈసారి కార్యదర్శి గారు, సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఇక అడగబోమని మర్యాదగానే చెప్పారట.

"ఇంకో ఏడాది ఆగితే పాట పక్వానికి వస్తుందేమోనండీ. వాళ్ళకి ఏం చెప్పమంటారు?" అని అడిగింది.

"ముందు వంటింట్లోకి రా," అన్నారు ఆవిడ.

ఆ రోజు ఆవిడ చీజు పుల్లలు చేస్తున్నారు. మా కాలేజీ రోజుల్లో చీజు అంటే రేకు డబ్బాలో వచ్చే వింత వస్తువు. హాస్టల్లో నా గదిలో ఉండే పేరిశాస్త్రి దాన్ని వాసన చూసి, ఈ సబ్బు బట్టలకా ఒంటికా అని అడిగాడు. ఆ శాస్త్రే ముసలితనంలో... సరే, అది వేరే కథ. ఆవిడ మైదాలో వెన్న, తురిమిన చీజు, మిరియాల పొడి, కాస్త వాము కలిపి, చపాతీలా ఒత్తి, చాకుతో సన్నగా కోసి పళ్ళెంలో పేర్చారు. మూతకు అద్దం ఉన్న పాతకాలపు గుండ్రటి ఓవెన్ ఆవిడది. అంచులు బంగారు రంగు తిరగ్గానే తీసెయ్యమని సువర్చలకు అప్పగించి, వచ్చి నా ఎదుట కూర్చున్నారు.

సువర్చల వేళకే తీసింది. తీసి, ఒకదాన్ని వేలితో నొక్కింది. మెత్తగా అణిగింది. పచ్చిగా ఉందనుకుని పళ్ళెం మళ్ళీ లోపల పెట్టింది. కాసేపటికి తీసి నొక్కితే అప్పుడూ మెత్తనే. మళ్ళీ పెట్టింది. భ్రమరాంబ గారికి అంతా కనబడుతూనే ఉంది. అయినా మా మనవడి జలుబు గురించి నన్ను అడుగుతూ కూర్చున్నారు. చివరికి మాడు వాసన వసారా దాకా వచ్చింది. పుల్లలు కాఫీ గింజల రంగుకు దిగాయి. నేను ఒకటి నమిలాను. మాడిన చీజు వేపాకుకు తీసిపోదు.

"మీ పళ్ళు ఇంకా గట్టివే," అన్నారు ఆవిడ నాతో.

సువర్చల ముఖం చిన్నబోయింది. మెత్తగా ఉన్నాయనే పెట్టానని గొణిగింది.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళారు. రెండో వాయి తానే పెట్టి, రంగు తిరగ్గానే తీసి, పళ్ళెం కిటికీ దగ్గర ఉంచారు. సువర్చల చెయ్యి అటు వెళ్ళబోతే మెల్లగా తట్టి, ఊరికే నిలబడకుండా ఒక వర్ణం పాడమన్నారు. ఆ పిల్ల ధ్యాసంతా పళ్ళెం మీదే. తన గొంతును తాను తప్పుపట్టుకునే తీరిక లేకపోయిందేమో, నేను విన్నంతలో అంత హాయిగా ఎన్నడూ పాడలేదు. పాట అయ్యేసరికి పుల్లలు చల్లారాయి. ఆవిడ ఒకటి తీసి విరిచారు. పటుక్కుమన్న చప్పుడు వసారాలో ఉన్న నాకూ వినిపించింది.

సువర్చల ఆ విరిగిన ముక్కను అందుకుని తనూ విరిచి చూసింది. తర్వాత సంచిలోంచి ఫోను తీసి, కార్యదర్శి గారికి వస్తున్నానని చెప్పేసింది. చెప్పాక గాభరా పడింది.

"మొదటి కీర్తనకి గొంతు వణికితే ఏం చెయ్యనండీ?"

"వణుకుతుంది," అన్నారు భ్రమరాంబ గారు, చల్లారిన పుల్లల్ని డబ్బాలో సర్దుతూ. "వేడి మీద నొక్కి చూడకు."