కలుపుకున్న అరగంట

విమానం నడిపేవాళ్లకు చేతి వాచీ ఎందుకో చెప్పండి చూద్దాం. ఎదురుగా పలకనిండా గడియారాలే ఉంటాయి. కింద పగలైనా రాత్రైనా ప్రపంచంలోని విమానాలన్నిటికీ ఒకటే సమయం, అది సెకను తేడా లేకుండా కళ్లముందే నడుస్తూ ఉంటుంది. మరి మణికట్టు మీద ఇంకొకటి దేనికి, దర్జాకా? తబితను అడిగితే తడుముకోకుండా చెప్పేది: పలకమీద ఉన్నది ఉద్యోగం టైము, చేతికి ఉన్నది ఇంటి టైము అని. జవాబు సరైనదే. సరైన జవాబులతోనే వచ్చింది చిక్కంతా.

తబిత సికింద్రాబాదులో నాంచారయ్య మేష్టారి దగ్గర వాచీల పని నేర్చుకుంటోంది. మేష్టారిది బందరు. నలభై ఏళ్లుగా అదే సందులో, అదే బల్ల వెనక, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటున్నారు. ఆయనకొక అలవాటు ఉంది. మంచి వాచీ ఏదండీ అని ఎవరడిగినా పేరు చెప్పరు. ఎవరికి అని అడుగుతారు. అక్కడితో ఆగరు. నిద్ర ఎన్నింటికి లేస్తారు, పిల్లల్ని ఏ చేత్తో ఎత్తుకుంటారు, వంట మీరే చేస్తారా, ఇలా సాగుతుంది. ఇంకో శిష్యుడు గఫూర్ దీనికి మేష్టారి పెళ్లిచూపులు అని పేరు పెట్టాడు. తబితకు మాత్రం అది నవ్వులాటగా కనిపించలేదు, వృథాగా కనిపించింది. డిగ్రీ కాలేజీలో మూడేళ్లు వాదన పోటీల్లో ఎదురులేకుండా నిలిచిన పిల్ల ఆమె. ప్రశ్నంటే ఆమె దృష్టిలో ఎదుటివాణ్ణి పడగొట్టడానికి ఉన్న పనిముట్టు. పడగొట్టనక్కర్లేనివాణ్ణి ప్రశ్నలు అడగడం ఎందుకో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఆ రోజు పొద్దున వైదేహి అనే అమ్మాయి వచ్చింది. విమానం నడపడంలో కొత్తగా చేరింది, ఇక దూరదేశాలకు వెళ్లబోతోంది. ఫోనుంది కానీ, అది దిగిన చోటి టైముకు తనంతట తనే మారిపోతుందట. చేతికున్నది పాతబడింది, రెండు టైములూ చూపించే వాచీ కావాలి, ఖరీదైనది మాత్రం వద్దు, ఉద్యోగం ఇంకా కొత్త అంది. తబితకు అయిదు నిమిషాలు పట్టలేదు. మూడు వాచీలు తీసి, రెండింటిని అక్కడికక్కడే పక్కన పెట్టేసింది. వాటిలో ఉన్నది ఒకటే మిషను. రెండో దేశానికి ఒక అదనపు గంటల ముల్లు ఉంటుంది, నిమిషాల ముల్లు మాత్రం ఉమ్మడి. ఆ అదనపు ముల్లును గంట గంట చొప్పునే జరపగలం. మన దేశమేమో ప్రపంచ సమయానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. ఆ అర ఎక్కడికి పోవాలి? మనిషే మనసులో కలుపుకోవాలి. మూడో వాచీ అలాంటిది కాదు. ఒకే డబ్బాలో రెండు మిషన్లు, కింద చిన్న డయలుకు విడిగా ముళ్లు. అరగంట తేడా కూడా నిమిషంతో సహా చూపిస్తుంది. తేలిక, చీకట్లో కనిపిస్తుంది, ఏ ఊళ్లోనైనా సెల్ దొరుకుతుంది, ధర కూడా అందుబాటులోనే ఉంది. వైదేహి సంతోషంగా ఒప్పుకుంది. టైము పెట్టి ఉంచుతాను, నాలుగింటికి రండి అని పంపేసింది తబిత.

మధ్యాహ్నం ఆ వాచీకి టైము పెడుతుంటే మేష్టారు ఒక్కటే అడిగారు, ఆ అమ్మాయి చేతికున్న పాత వాచీ చూశావా అని. చూడలేదంది తబిత. పాతది పారేస్తుంది కదా, దాన్ని చూసి చేసేదేముంది? గఫూర్ తల ఎత్తకుండానే, కప్పులు గెలిచినమ్మకు కస్టమరు కూడా ఎదురుపక్షమేనండీ అన్నాడు. తబితకు చురుక్కుమంది. వాచీ కింద పెట్టి మేష్టారి వైపు తిరిగింది.

"మేష్టారూ, ధర తప్పలేదు, టైము తప్పలేదు, మిషను తప్పలేదు. సరైన వాచీ చేతిలో పెట్టాక మన బాధ్యత ఇంకేం మిగిలి ఉంటుంది?"

నాంచారయ్య మేష్టారు వాదానికి దిగలేదు. పట్టకారు బల్లమీద పెట్టి, భూతద్దం తీసి, కన్ను తుడుచుకున్నారు. వసంతరావు గారని ఒక కెప్టెన్ ఉండేవారమ్మా అని మొదలుపెట్టారు.

సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. వసంతరావు సరుకుల విమానాలు నడిపేవాడు. వారంలో నాలుగు దేశాల నేల తొక్కేవాడు. పదకొండేళ్లుగా ఆయన చేతికి ఒకటే వాచీ, ఒకే మిషనుది. ఒకరోజు దాని అద్దం పగిలి, లోపల నీళ్లు చేరి ఆగిపోయింది. మర్నాడే ప్రయాణం. పరుగున వచ్చి, ఎక్కువ పెట్టలేను మేష్టారూ, ఇంట్లో ఆసుపత్రి ఖర్చులున్నాయి, మీరే ఏదో ఒకటి చూసి ఉంచండి అని వెళ్లిపోయాడు. రెండు మిషన్ల వాచీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మేష్టారు అందులో ఒకటి ఏరి, రేడియోలో వార్తలకు ముందు వచ్చే బీప్ శబ్దం విని, చిన్న డయలును మన టైముకు సెకనుతో సహా కలిపారు. సాయంత్రం వసంతరావు వచ్చేసరికి ఆయన కొట్లో లేరు. కుర్చీలో ఉన్న మేష్టారి తమ్ముడు డబ్బాలో పెట్టి ఇచ్చేశాడు. మేష్టారు ఏ చీటీ రాసి పెట్టలేదు. సరిగ్గా నడిచే వాచీ గురించి చెప్పడానికి ఏముంటుంది అనుకున్నారు.

నెల దాటాక వసంతరావు మళ్లీ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. వాచీ విప్పి బల్లమీద పెట్టి, మీ వాచీ అరగంట ముందు పోతోంది, ఊళ్లో ఎక్కడికి వెళ్లినా అందరికన్నా ముందే చేరుతున్నాను అన్నాడు. తన చేత్తో కలిపిన వాచీని అంత మాట అనేసరికి మేష్టారికి పౌరుషం వచ్చింది. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. చిన్న డయలూ పదకొండూ ఇరవైలోనే ఉంది. పక్కపక్కన పెట్టి చూపించారు. వసంతరావు వాచీ వైపు ఒకసారి చూసి, పదకొండూ యాభై అంటోంది కదా అన్నాడు.

మేష్టారికి నవ్వొచ్చింది. నవ్వేశారు కూడా. "ఇరవై సార్, ఇరవై. అంకె అది చూపిస్తుంటే యాభై మీరెక్కడినుంచి తెచ్చారు?"

వసంతరావు నవ్వలేదు. వాచీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చదువు రానివాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు చూశాడు. గోడవైపు చూశాడు. మళ్లీ వాచీ చూశాడు. పదకొండేళ్లుగా, ఇంటి టైము చూసిన ప్రతిసారీ, ఆయన అరగంట కలుపుకుంటూనే ఉన్నాడు. కలుపుతున్నానని తెలియనంతగా అలవాటైపోయింది. కొత్త వాచీ ఆ అరగంటను తనే కలిపి చూపిస్తోంది. ఆయన దానిమీద ఇంకో అరగంట వేసుకుంటున్నాడు.

అప్పుడు స్టూలు మీద కూర్చుని, ఎవరికో జరిగింది చెబుతున్నట్టు చెప్పాడు. ఆయన భార్య ఇందుమతికి గుండె ఆపరేషను. ముహూర్తం పెట్టినట్టు డాక్టర్లు ఒక రోజు చెప్పారు, సాయంత్రం నాలుగింటికి. సెలవు పెట్టమని ఆమె అడిగింది. ఆపరేషన్లు రోజూ వంద జరుగుతుంటాయి, నా విమానం నేను తప్ప ఎవరు తీస్తారని విసుక్కున్నాడు. ఆ విసురు మీదే మూడు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. బయలుదేరేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: లోపలికి తీసుకెళ్లేముందు ఒకసారి ఫోన్ చెయ్యి, నీ గొంతు వినిపిస్తే చాలు, క్షమాపణలేం అడగను అని. ఆసుపత్రి నంబరు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. ఆ రోజు ఫ్రాంక్‌ఫర్టులో పొగమంచు. పైనే తిప్పితిప్పి ఆలస్యంగా దింపారు. కాగితాలన్నీ ఇంకొకరి చేతిలో పడేసి, రెండు హాళ్లు దాటి, టెలిఫోను పెట్టెదాకా పరుగెత్తాడు. రిసీవరు గొట్టం చేతిలోకి తీసుకుని వాచీ చూశాడు. నాలుగూ అయిదు.

అయిదు నిమిషాల తేడాలో మించిపోయింది అనుకున్నాడు. ఇప్పుడు చేస్తే ఎత్తేది బావమరిది, అతని చేత మాటలు పడాలి. గొట్టం తిరిగి పెట్టేశాడు. నాణేలు జేబులో వేసుకుని, పక్కనే బెంచీ మీద కూర్చుని, ఓ కప్పు కాఫీ తాగాడు.

డయలు మీద ఉన్నది మూడూ ముప్పై అయిదు.

ఆ అంతస్తుకంతా నర్సు బల్లమీద ఉన్నది ఒక్కటే ఫోను. మూడింటి నుంచీ ఇందుమతి దాని పక్కనే, చక్రాల కుర్చీలో కూర్చుంది. ఎవరైనా ఫోను ఎత్తబోతే, ఆవిడకు విదేశం నుంచి వస్తుంది, కాసేపాగండి అని నర్సు అందర్నీ పంపించేస్తోంది. నాలుగింటికి లోపలికి తీసుకెళ్లే మనుషులు వచ్చారు. ఇంకో రెండు నిమిషాలు ఆగారు కూడా. లైను దొరికుండదు సిస్టర్, ఆయన చేసే ఉంటాడు అని ఇందుమతి నర్సుతో అని, లోపలికి వెళ్లింది. మళ్లీ కళ్లు తెరవలేదు. ఈ మాటలన్నీ తరవాత నర్సే వసంతరావుకు చెప్పిందట, ఓదార్పుగా ఉంటుందని.

చెప్పడం అయిపోయాక ఆయన వాచీనే చూస్తూ కూర్చున్నాడు.  మేష్టారికి ఇందాకటి నవ్వు ఇంకా కొట్లోనే ఎక్కడో ఉన్నట్టు అనిపించి, దాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.

"అయిదు నిమిషాలు ఆలస్యమైందని ఎలాగో బతికేస్తున్నాను మేష్టారూ," అన్నాడు వసంతరావు. "ఇరవై అయిదు నిమిషాలు మిగిలున్నాయని ఎందుకు చూపించారు?"

వాచీ చేతికి కట్టుకుని వెళ్లిపోయాడు. తరవాత ఆయన మళ్లీ విమానం ఎక్కలేదని ఎవరో అన్నారు. ఏ ఊళ్లో ఉన్నాడో, ఉన్నాడో లేదో మేష్టారికి తెలియదు.

 గఫూర్ ఎప్పుడు పని ఆపాడో గాని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. తబితకు లోపల ఏదో కదిలింది. దాన్ని ఒప్పుకోలేక, అలవాటు ప్రకారం వాదానికే దిగింది. మీ తప్పు ఇందులో ఎక్కడుందండీ అంది. వాచీ సరిగ్గా ఉంది. పొగమంచు మీరు తేలేదు. సెలవు పెట్టనిది ఆయన. బావమరిదికి జంకి ఫోను పెట్టేసింది ఆయన. నాలుగూ అయిదే అనుకున్నా ఒకసారి చేసి చూడొచ్చు కదా, ఎవరు వద్దన్నారు? ఒక్కొక్క మాటా వరసగా, ఖండించడానికి వీల్లేకుండా వచ్చింది. అవన్నీ నిజాలే. చెబుతూ చెబుతూ ఉండగానే, అవన్నీ ఆ మనిషి రోజూ తనతో తను అనుకునే మాటలే అయి ఉంటాయని ఆమెకు తోచింది. మధ్యలో ఆగిపోయింది.  మేష్టారు భూతద్దం తీసి మళ్లీ కంటికి బిగించుకున్నారు.

నాలుగు దాటాక వైదేహి వచ్చింది. నా వాచీ రెడీయేనా అక్కా అంటూ బల్లమీద మోచేతులు ఆన్చింది. రేపు పొద్దున్నే బయలుదేరుతున్నానంది. ఇంట్లో తమ్ముడు ఒక్కడే ఉంటాడట, వాడికి పరీక్షలట, లేపడానికి రోజూ ఫోను చెయ్యాలట. డబ్బా బల్లమీదే ఉంది. తబిత దాన్ని తెరవలేదు. మీ చేతికున్న పాతదాంట్లో ఇప్పుడు మన టైము ఎంతో చెప్పండి మేడమ్ అని అడిగింది. జీవితంలో ఎదుటివాణ్ణి ఓడించడానికి కాకుండా ఆమె అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

వైదేహి ఇదేం పరీక్ష అని నవ్వి, మణికట్టు తిప్పి చూసింది. అదీ ఒకే మిషనుదే, రెండు గంటల ముళ్లకూ ఉమ్మడిగా ఉన్న నిమిషాల ముల్లు నలభై మీద ఉంది.

"నాలుగూ పది."

గోడమీదా నాలుగూ పదే. రెప్పపాటులో చెప్పింది, తప్పులేకుండా చెప్పింది. చెప్పేముందు మాత్రం ఆమె పెదవులు, శబ్దం లేకుండా, ఒకసారి కదిలాయి. కదిలాయని ఆమెకు తెలియదు. తబిత చూసింది. గఫూర్ కూడా చూసి, కుర్చీలో ముందుకు జరిగాడు. ఇద్దరూ ఒకేసారి మేష్టారి వైపు తిరిగారు.

నాంచారయ్య మేష్టారు పనిలోంచి తల ఎత్తలేదు.

"కొత్తది చేతికి కట్టి, స్టూలు వెయ్యండి. ఆ పెదవులు ఆగేదాకా ఆ అమ్మాయిని పంపకండి."